పోయింది మేస్త్రీ, పాలక్క పికప్పూ

మా పెదనాన్న ఏ వస్తువుని చూసినా మొదట అనే మాట ఒక్కటే. "పోయింది."

బండి బానెట్ ఎత్తగానే పోయింది అంటాడు. ఎత్తకముందే అన్న రోజులూ ఉన్నాయి. గోడ గడియారం చూసి పోయింది అంటాడు, అది సరిగ్గా టైం చూపిస్తున్నా సరే. అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద మింగి, "కూర పోయింది" అని రెండోసారి వడ్డించుకుంటాడు. మబ్బు పడితే ఎండ పోయింది, ఎండ కాస్తే వాన పోయింది. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, డాక్టరు గారి కుర్చీలో పడుకుని, అది కిందికి దిగేటప్పుడు చేసిన చప్పుడు విని, నోరు తెరవమంటే తెరిచి, "దీని సీలు పోయింది" అన్నాడు. డాక్టరు ముందు పంటి గురించి అనుకున్నాడట. ఆ రోజు పెదనాన్న కుర్చీ బాగుచేసి ఇంటికొచ్చాడు. పన్ను మాత్రం నోట్లోనే ఉంది.

వీధిలో ఆయన్ని అందరూ పోయింది మేస్త్రి అంటారు. ఆయనకి తెలుసు. ఆ పేరు పెట్టినవాడి మెదడు కూడా పోయిందని ఆయన అభిప్రాయం.

ఆయనది మెకానిక్ షెడ్డు, పక్కనే నాది వెల్డింగ్ షెడ్డు. మధ్యలో ఒక రేకు గోడ. ఆయన అవతల ఏదైనా సుత్తితో కొడితే ఇవతల నా చెయ్యి వణికి అతుకు వంకర పోతుండేది. అందుకని గోడలో కిటికీ అంత ముక్క కోసేశాను. ఇప్పుడు కొట్టబోయే ముందు ఆయన ఆ కంతలోంచి తల పెట్టి చెబుతాడు. ఏమని చెబుతాడో వేరే చెప్పక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన మాట విని కుదేలైపోతారు. ఒక వ్యాను డ్రైవరు నేల మీదే చతికిలబడి, యజమానికి ఫోన్ చేసి, ఉద్యోగానికి నమస్కారం పెట్టేసి, తర్వాత చూసుకుంటే బండి స్టార్ట్ అయి నిలబడి ఉంది. ఉద్యోగం తిరిగి తెచ్చుకోవడానికి వాడికి వారం పట్టింది. పాతవాళ్ళకి ఈ బాధ లేదు. "పోయిందన్నాడా? ఇంజినంతా పోయిందన్నాడా? అయితే సాయంత్రానికి ఇచ్చేస్తాడు" అనుకుంటూ టీకి వెళ్తారు.

ఆయన నోటి నుంచి "బాగుంది" అనే మాట పాలక్క బండి సంగతికి ముందు నేను ఒక్కసారే విన్నాను. వీధి చివరి దర్జీ తాత తన పాత స్కూటర్ని నెట్టుకుంటూ వచ్చాడు. ఇంజిన్ పెట్టె అడుగున నిలువునా పగిలింది. కిటికీలోంచి చూస్తున్న నాకే పగులు కనిపిస్తోంది, అందులో వేలు పడుతుంది. ఆ స్కూటర్ చేసే కంపెనీయే మూతపడింది కాబట్టి సామాను ఎక్కడా దొరకదు. పెదనాన్న దాని చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, చేతులు తుడుచుకున్నాడు.

"బాగుంది తాతా" అన్నాడు. "దీనికేం చెయ్యక్కర్లేదు. వయసైంది, అంతే. నీడలో పెట్టు, రోజూ తుడువు. పని మాత్రం చెప్పకు."

తాత సంబరంగా నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కంతలో తల పెట్టి, పెదనాన్నా దాని పొట్ట పగిలిపోయింది చూశావా అని అడిగాను. నీ పని చూసుకోరా అన్నాడు. ఆయన కళ్ళజోడు మార్చే టైమొచ్చిందని అనుకుని నా పని చూసుకున్నాను.

ఇక పాలక్క సంగతి.

పాలక్క కొండ మీది ఇళ్ళ నుంచి పాలు సేకరించి, కింద డిపోకి చేరవేస్తుంది. తనకో చిన్న ఆటో ఉంది. ఎండాకాలమంతా అది బుద్ధిగా కొండెక్కుతుంది. వానలు మొదలైతే దారంతా బురద. ఆటో మొదటి మలుపులోనే మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఏటా వానల్లో డిపోవాళ్ళు ఎవరో ఒకరి ట్రాక్టరు పెట్టుకుని, ఎండలు రాగానే మళ్ళీ పాలక్కని పిలిచేవాళ్ళు. ఈ ఏడు కొత్త మేనేజరొచ్చాడు. ఇలా కాలానికొకరు తనకి కుదరరనీ, వానలోనూ ఎండలోనూ ఒక్కరే తేవాలనీ, మొదటి వాన పడేలోగా కొండెక్కే బండి చూపించకపోతే పాలు తెచ్చే దారి మొత్తం ట్రాక్టరున్న ఒకతనికి రాసేస్తాననీ చెప్పేశాడు. ఆ దారి పోతే పాలక్కకి చేతిలో వేరే పని లేదు. ఖాళీ ఆటో, పద్దెనిమిది క్యాన్లు మిగులుతాయి.

కొండెక్కే బండి ఆమెకి లేకపోలేదు. వాళ్ళ నాన్న నడిపిన నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఒకటి పశువుల కొట్టం వెనక పడి ఉంది. నన్నూ పెదనాన్ననీ తీసుకెళ్ళి చూపించింది.

చూపించింది అంటే, ఒక తీగల గుబురు చూపించి, అందులో ఉంది అంది. కొడవలితో తీగలు కోసుకుంటూ వెళ్తే ముందు ఒక అద్దం, ఆ తర్వాత ఒక తలుపు, ఆ తర్వాత కోపంగా ఉన్న ఒక ఎర్ర కోడిపెట్ట బయటపడ్డాయి. కోడి డ్రైవరు సీట్లో గుడ్లు పెట్టుకుని ఉంది. సీటులో మిగిలినదల్లా స్ప్రింగులూ, ఆ గుడ్లూ. కాళ్ళ దగ్గర నేల లేదు, గడ్డి కనిపిస్తోంది. ఇంజిన్‌కి గాలి వెళ్ళే పెట్టెలో ఎలుకలు పిల్లల్ని పెంచి, పెద్దచేసి, ఎప్పుడో పంపించేశాయి. వైర్లన్నీ వాటి చదువులకే ఖర్చయినట్టున్నాయి.

పెదనాన్న పని మొదలుపెట్టాడు.

"రేడియేటర్ పోయింది. వైరింగ్ పోయింది. క్లచ్ పోయింది. డీజిల్ ట్యాంకు..." అని టార్చి వేసి లోపల చూసి, "పోయింది. బరువు మోసే కమాన్ పట్టీలు పోయాయి. బ్రేకులు, అవి ఎప్పుడో పోయాయి." బానెట్ కింద ఒక చెయ్యి పెట్టి ఇంజిన్ని ఊపి చూశాడు. "బిగుసుకుపోయింది. ఇంజిన్ పోయింది."

పాలక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటోంది. ఆమెకి ఆయన అలవాటు తెలుసు కానీ, ఇన్ని పోవడం ఒకేసారి ఎప్పుడూ వినలేదు.

"బాబాయ్, ఏదైనా మిగిలిందా?" అంది.

పెదనాన్న ఎర్ర కోడిని చూసి కాసేపు ఆలోచించాడు. "దీని ఇల్లు కూడా పోయిందమ్మా. రేపు బండి షెడ్డుకి వచ్చేస్తుంది."

పాలక్క తన దగ్గర పెద్దగా డబ్బు లేదనీ, ఒక దూడని అమ్మితే వచ్చిందే ఉందనీ చెప్పింది. పెదనాన్న దూడ గురించి కూడా పోయింది అన్నాడు. అది మాత్రం నిజమే.

పికప్పుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాం. ఆ ట్రాక్టరు ఎవరిదో చెబితే మీరు నవ్వుతారు. పాలక్క దారికోసం కాచుకున్న అతనిదే. నవ్వుకుంటూ లాగి, షెడ్డు ముందు వదిలి, ఇనుము కొట్టువాడి ఫోన్ నంబరు కావాలా అని అడిగి వెళ్ళాడు. బండితోపాటు ఎర్ర కోడి కూడా వచ్చింది. దాన్ని ఎన్నిసార్లు ఇంటికి పంపినా మర్నాడు పాలక్క ఆటో ఎక్కి తిరిగొచ్చేది.

డబ్బు తక్కువున్న పని నాకు ఇష్టం. డబ్బుంటే కొనేస్తారు. లేకపోతే ఆలోచిస్తారు. పెదనాన్న ముందే ఒక గీత గీశాడు. ఆపే సామాను కొత్తది, కదిలే సామాను పాతది, కూర్చునే సామాను ఏదైనా పర్వాలేదు. దూడ డబ్బులో ఎక్కువ భాగం బ్రేకులకీ, పాతది ఎక్కడా దొరకని క్లచ్ ప్లేటుకీ పోయింది. మిగిలినదంతా పాత ఇనుము కొట్టులోంచి రావాలి.

పాత ఇనుము కొట్టులో పెదనాన్నతో తిరగడం ఒక అనుభవం. కొట్టువాడు ఒక రేడియేటర్ తీసి చూపించి, కొత్తదానిలా ఉంది చూడండి అంటాడు. పెదనాన్న దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తల అడ్డంగా ఊపుతాడు.

"పోయింది."

"ఏం పోయింది మేస్త్రీ, నీళ్ళు పోసి చూపించమంటావా?"

"పోయ్. అవీ పోతాయి."

ఇలా అరగంట గడిచేసరికి కొట్టువాడికి తన కొట్టు మీదే వైరాగ్యం వచ్చేస్తుంది. "మేస్త్రీ, నా కొట్టుకొచ్చి నా సరుక్కి సంతాపం చెప్పి పోతావేంటయ్యా. నీకేం కావాలో ఎత్తుకుపో" అంటాడు. పెదనాన్న ఎత్తుకొస్తాడు. రేడియేటర్లో నీళ్ళు పోస్తే చుక్క కారదు.

బిగుసుకుపోయిన ఇంజిన్ని బలంతో తిప్పకూడదు. సిలిండర్ల పైనుంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి, వదిలేయాలి. రోజూ పొద్దున్నే కాస్త పోసి, పెద్ద పానాకి పైపు తొడిగి, ఒక్కసారి నెమ్మదిగా ఒత్తి చూసి, కదలకపోతే ఏమీ అనుకోకుండా వచ్చేయాలి. పెదనాన్న దానికి రోజూ పోసేవాడు, ఒత్తేవాడు, పోయింది అనేవాడు. ఒక ఉదయం నేను టీ తెస్తుంటే లోపల కిర్రుమంది. పైపు అరచెయ్యంత దూరం కదిలింది. పెదనాన్న పైపు వదిలి నిలబడి, నా చేతిలో టీ తీసుకుని, "టీ పోయింది" అన్నాడు. అంత సంతోషంగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

ట్యాంకులో తుప్పు వదలడానికి పాత సైకిలు చెయిను ముక్కలూ, కిరసనాయిలూ వేసి, ట్యాంకుని పాలక్క ఆటో వెనక తాళ్ళతో వేలాడదీశాం. ఆటో గుంతల రోడ్డు మీద తిరుగుతుంటే ట్యాంకు దానంతటదే కడుక్కుంటుంది. ఊరంతా గలగలలాడుతూ తిరిగింది. నేను నూనె డ్రమ్ము రేకు కోసి కాళ్ళ కింద నేల వేశాను. బంపరు నీళ్ళ పైపుతో చేశాను. ఒక లైటు బస్సుది, ఇంకోటి ట్రాక్టరుది దొరికాయి, అందుకని బండి మనల్ని చూస్తోందో, మన వెనకవాళ్ళని చూస్తోందో తెలిసేది కాదు. తలుపు పిడి బీరువాది. సీట్లకి మంగలి షాపులో తీసేసిన రెండు కుర్చీలు వచ్చాయి. ఎర్ర కోడి వాటిని చూసి ఎడమవైపుది తనదని తేల్చుకుంది.

నేను చేసిన ప్రతి అతుకునీ పెదనాన్న వేలితో తడిమి పోయింది అనేవాడు. నాకు కోపం వచ్చేది. నేనూ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, కాలిన చేతులే నేర్పాయి. నా అతుకు ఊడిందని ఒక్కడు వెనక్కి రాలేదు. ఆ మాట అంటే, "రాలేదంటే వాడు కూడా పోయాడేమో" అన్నాడు.

ఇంతలో మేనేజరు బండి చూడటానికి వచ్చాడు. గొడుగు, తెల్ల చొక్కా, మంచి మనిషే. కాకపోతే విన్న మాటని విన్నట్టు నమ్ముతాడు. అతను లోపలికొచ్చేసరికి పెదనాన్న బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"మేస్త్రి గారూ, బండి ఎలా ఉందండీ?" అని కాళ్ళని అడిగాడు.

"పోయింది" అన్నాయి కాళ్ళు.

మేనేజరు పాలక్క వైపు చూశాడు. పాలక్క గబగబా, ఆయన ఏదైనా అలాగే అంటారు సార్, అలవాటండీ అంది. మేనేజరు మళ్ళీ కాళ్ళ వైపు తిరిగి, అంటే బాగవుతుందనా అని అడిగాడు. బండి కిందనుంచి గ్రీజు పూసిన ఒక చెయ్యి బయటికొచ్చి, పానా అందుకుని, "ఇది కూడా పోయింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఆయన మీ మెకానికే కదా?" అన్నాడు మేనేజరు. "మీ మెకానికే పోయిందంటుంటే నేను బాగుందని ఎలా రాసుకోను?"

మా వీధంతా కదిలి సర్ది చెప్పాల్సి వచ్చింది. వ్యాను డ్రైవరు వచ్చి తన ఉద్యోగం కథ చెప్పాడు. డాక్టరు గారి దగ్గరకి వెళ్ళి కుర్చీని అడగమని కూడా ఎవరో అన్నారు. చివరికి మేనేజరు ఒక దారి చెప్పాడు. మాటలొద్దు. మొదటి వాన పడ్డ మర్నాడు తాను కూడా బండిలో కూర్చుంటాడు. కొండెక్కి, పాలు నింపుకుని, డిపో మూసేలోగా దిగాలి. దిగితే దారి పాలక్కది. దిగకపోతే ట్రాక్టరుది.

వాన అనుకున్నదానికంటే రెండ్రోజులు ముందే వచ్చింది. ముందు చక్రాలకి బలం పంపే చిన్న గేరు పెట్టె బిగించి అప్పటికి ఒక్క పూటయింది. తెల్లవారేసరికి రోడ్డంతా ఎర్రటి బురద. పాలక్క నడుపుతోంది. పక్క కుర్చీలో మేనేజరు కూర్చోబోయి ఆగిపోయాడు. కుర్చీలో గుడ్డు ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వెనక క్యాన్ల మధ్య నేనూ, పెదనాన్నా, ఎర్ర కోడీ.

కొండ మొదట్లో ఆగి, నేనూ పెదనాన్నా చెరో ముందు చక్రం దగ్గర హబ్ తిప్పాం. అది తిప్పితేనే ముందు చక్రాలు కూడా లాగుతాయి. పాలక్క గేరు వేసింది. బండి బురదని పట్టుకుని, చేత్తో తాడు లాక్కున్నట్టు ఒక్కో అడుగూ ఎక్కడం మొదలుపెట్టింది. నా ఒళ్ళు పులకరించింది. మంగలి కుర్చీ, బీరువా పిడి, బస్సు కన్ను, అన్నీ కలిసి కొండెక్కుతున్నాయి. ప్రతి మలుపులోనూ పెదనాన్న నా చెవిలో ఏదో ఒకటి పోయిందని చెబుతూనే ఉన్నాడు. నేను హాయిగా ఉన్నాను.

పై మలుపు దగ్గర ఒక కొమ్మ విరిగి దారికడ్డంగా పడి ఉంది. పాలక్క దాన్ని తప్పించబోయి బండిని అంచుకి పోనిచ్చి, ఆపింది. మళ్ళీ కదిలించబోతే వెనక చక్రం ఒకటి గిర్రున తిరిగి, బండి పక్కకి జారింది. ఇంజిన్ ఆగిపోయింది.

మేమిద్దరం దూకాం. వెనక చక్రం దగ్గరికి వెళ్ళి చూశాను. చక్రంలో సగం దారి మీద ఉంది. మిగతా సగం కింద ఏమీ లేదు. వానకి నానిన అంచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి లోయలోకి పడుతోంది. అవి కింద తగిలిన చప్పుడు వినడానికి కాసేపు ఆగాల్సి వస్తోంది.

"ఏమైంది బాబాయ్?" అంది పాలక్క లోపల్నుంచి. అద్దంలో వెనక చూడటానికి మెడ చాస్తోంది.

పెదనాన్న చక్రాన్ని చూశాడు. నన్ను చూశాడు. నెమ్మదిగా నడుచుకుంటూ ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, సరిగ్గా అద్దానికి అడ్డంగా మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు, పొద్దుపోక కబుర్లు చెప్పుకోవడానికి వచ్చిన మనిషిలా.

"ఏం కాలేదమ్మా" అన్నాడు. "బండి బాగుంది. చాలా బాగుంది."

నాకు దర్జీ తాత స్కూటర్ గుర్తొచ్చింది. మేనేజరు మాత్రం ఆ మాట విని మొదటిసారి నవ్వాడు. హమ్మయ్య, మేస్త్రి గారి నోట మంచి మాట విన్నాం అన్నాడు. గాలి బాగుందని ఆగాం సార్, పైన ఇంకా బాగుంటుంది అన్నాడు పెదనాన్న. అంటూనే వీపు వెనక రెండో చేత్తో నాకు సైగ చేస్తున్నాడు, రాళ్ళు, రాళ్ళు అని. నేను చప్పుడు చెయ్యకుండా రాళ్ళు తెచ్చి లోపలి చక్రం వెనకా, అంచు కిందా ఇరికిస్తున్నాను. ఒకటి పెడితే రెండు జారుతున్నాయి.

"స్టార్ట్ చెయ్యమ్మా. చిన్న గేరులోనే ఉంచు. ఆక్సిలేటర్ జోలికి పోకు, కాలు తీసేసెయ్. దాని పని అదే చేసుకుంటుంది. క్లచ్ మీద మాత్రం మనసు పెట్టు. పాలు పొంగొచ్చేటప్పుడు పొయ్యి తగ్గిస్తావే, అలా వదులు. తొందరేం లేదు. బండి బాగుంది."

పాలక్క భుజాలు దిగాయి. క్లచ్ అలాగే వదిలింది. ఇంజిన్ గొంతు పెంచలేదు. ముందు చక్రాలు రెండూ ఒక్కసారి బురదలోకి కొరికి, పట్టు దొరకబుచ్చుకుని, బండిని తమ వైపు లాక్కున్నాయి. వెనక చక్రం నా రాళ్ళెక్కి, దారెక్కింది. బండి కొంత ముందుకి వెళ్ళి ఆగాక, మేము నిలబడ్డ చోటు పక్కన బండి అంత ముక్క మెల్లగా ఊడి లోయలోకి వెళ్ళిపోయింది.

ఆ చప్పుడుకి మేనేజరు తల బయటపెట్టి, అదేమిటండీ అన్నాడు. పెదనాన్న అటు చూడలేదు. బురదలో మోకరిల్లి ముందు చక్రం దగ్గర వేలు పెట్టి, వాసన చూసి, మొహం చిట్లించాడు.

"పోయింది" అన్నాడు. "హబ్ సీలు పోయింది."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. మేనేజరు మళ్ళీ దిగులుపడ్డాడు.

పాలు నింపుకున్నాం. వచ్చేటప్పుడు ఆ మలుపులో కొండ వైపుకి అతుక్కుని దిగాం. డిపో గేటు మూస్తుండగా పాలక్క హారన్ కొట్టింది. హారన్ కూడా బస్సుదే కాబట్టి గేటువాడు భయపడి తెరిచేశాడు. మేనేజరు దిగి, తన కుడిచేతిలో ఇంకా గుడ్డు ఉందని అప్పుడు గమనించాడు. తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చిట్లలేదు.

"అమ్మా, ఇదిగో మీ గుడ్డు" అని పాలక్కకిచ్చాడు. "దారి కూడా మీదే."

క్యాన్లు దించి వస్తుంటే నేను పెదనాన్నని అడిగాను. అంచు ఊడిపోతుంటే బండి చాలా బాగుందన్నావేంటి అని.

"పోయిందంటే కాలు ఆడుతుందా ఆ పిల్లకి? గట్టిగా తొక్కేది. అందరం పోయేవాళ్ళం."

"మరి ఆ రోజు దర్జీ తాత స్కూటర్ కూడా బాగుందన్నావు కదా. అది చీలిపోయి ఉందని నీకు తెలుసు."

పెదనాన్న కొంచెం చిరాకుపడ్డాడు. "ఆయనకి వెళ్ళాల్సిన చోటేదీ లేదు, స్కూటర్‌కీ లేదు. పొద్దున్నే తుడుచుకుంటున్నాడు, ఎక్కి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఇద్దరికీ బాగానే ఉందిగా" అని, నీ బంపరు అతుకు పోయింది చూసుకో అని మాట మార్చాడు. నేను పరిగెత్తి చూశాను. అతుకు చెక్కుచెదరలేదు. అప్పుడు నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళూ నా ప్రతి అతుకునీ తడిమి ఆ మాట అంటున్న మనిషి, ఏ రోజైనా ఒకదాన్ని తడిమి బాగుందని ఉంటే నేను ఆ పని మానేయాల్సి వచ్చేదని అర్థమైంది.

ఈ సంగతి కనిపెట్టిన గొప్పతనం చెప్పుకోవడానికి సరాసరి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. బాగుపడేదాన్నే ఆయన పోయింది అంటాడనీ, ఎవరూ ముందే ఆశపడి దెబ్బతినకూడదనీ, తన చేతుల్తో చెయ్యగలిగిందేమీ లేనప్పుడే ధైర్యం చెబుతాడనీ వివరంగా చెప్పాను. పెద్దమ్మ పొయ్యి మీంచి తల తిప్పలేదు.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది. "మా నాన్న వాళ్ళింట్లో నీళ్ళ మోటారు చెడితే మీ పెదనాన్న చూడటానికి వచ్చాడు. మోటారు మూత తీసి పోయిందన్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే నన్ను ఎగాదిగా చూసి, గ్లాసు అందుకుని మళ్ళీ పోయిందన్నాడు. మా నాన్న మోటారు గురించనుకున్నాడు. నేను మాత్రం లోపలికెళ్ళి తల దువ్వుకున్నాను. బాగుందని ఉంటే ఆ మనిషిని గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా?"

బయట పెదనాన్న కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆ తర్వాత వరండాలో కూర్చుని, ఎర్ర కోడి పెట్టిన గుడ్డుతో పెద్దమ్మ వేసిచ్చిన అట్టు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమేవ్" అని పిలిచాడు. "అట్టు పోయింది."

పెద్దమ్మ ఇంకో గుడ్డు పగలగొట్టింది.